బడి వాకిలి నుంచి వేరావల్ దాకా: ప్రైమరీ బడిలో ఫోన్ మ్యాప్‌తో జాగ్రఫీ చెప్పడం ఎలా

మా బడి శ్రీకాకుళం జిల్లాలో, వంశధార సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఉంది. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లం. మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం నా వంతు. తరగతి గోడకి ఒక ఆంధ్రప్రదేశ్ మ్యాప్ వేలాడుతుంటుంది. అది 2022 ఏప్రిల్ 4కి ముందుది. దాన్లో పాలకొండ ఇంకా మన జిల్లాలోనే ఉంది, రాజాం కూడా మనదే, పార్వతీపురం మన్యం జిల్లా పుట్టనే లేదు. ఏళ్ళ తరబడి ఆ మ్యాప్ మీద కర్ర పెట్టి "ఇది బంగాళాఖాతం" అన్నాను, పిల్లలు "బంగాళాఖాతం" అన్నారు. రాత్రి పూట ఇంట్లో పడుకుంటే హోరు వినిపించే సముద్రమూ, గోడ మీద నీలం రంగూ ఒకటేనని వాళ్ళలో ఎంతమందికి తట్టిందో నాకు అనుమానమే.

ఇప్పుడు ఫోన్ మ్యాప్‌తో చెబుతున్నాను. దీనికి కంప్యూటర్ ల్యాబ్ అక్కర్లేదు, ఒక ఫోన్, కాస్త డేటా, ఒక సుద్దముక్క చాలు. కానీ ఫోన్ చేతికిచ్చి "చూడండర్రా, ఇదే మన ఊరు" అనేస్తే అది పావుగంట తమాషా అయి ఊరుకుంటుంది. పిల్లలకి తెలిసిన నేలనీ, తెర మీద కనిపించే నేలనీ పక్కపక్కన పెట్టి, రెండిట్లో ఏది తప్పు చెబుతోందో వాళ్ళనే తేల్చమనాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు ఫోన్ జేబులోనే ఉంచండి

మొదటి రెండు పీరియడ్లు ఫోన్ బయటికి తీయకండి. ఇల్లు బొమ్మ వేయమంటే పిల్లలు ఎదురుగా నిలబడి చూసిన ఇల్లే వేస్తారు: కోసుగా కప్పు, మధ్యలో తలుపు, పక్కన కొబ్బరి చెట్టు. మ్యాప్ అంటే పైనుంచి చూసిన బొమ్మ. ఆ తేడా చెబితే రాదు, కళ్ళతో చూడాలి.

నేను మధ్యాహ్న భోజనం ప్లేటు, స్టీలు గ్లాసు, నీళ్ళ బకెట్ తెచ్చి నేల మీద పెడతాను. పిల్లలు చుట్టూ నిలబడి, తల వంచి నిట్టనిలువుగా కిందికి చూస్తూ గీయాలి. ప్లేటుతో పేచీ లేదు. గ్లాసు దగ్గరే గొడవ. సగం మంది నిలువు గ్లాసు వేసేస్తారు, చూస్తున్నది గ్లాసు మూతి అయినా సరే. "నువ్వు తెలిసింది వేశావు, కనిపించింది వెయ్యి" అంటే ఒక గుంటడు చాలాసేపు చూసి, "అయితే ఉట్టి సున్నాయే మాస్టారూ!" అన్నాడు. ఆ సున్నా పడిందంటే మ్యాప్ పాఠం మొదలైనట్టే. ఆ తర్వాత నుయ్యి, వాటర్ ట్యాంకు, గడ్డివాము పైనుంచి ఎలా ఉంటాయో అడిగితే చెప్పకుండానే సున్నాలు చుడతారు.

రెండో పీరియడ్‌లో వరండాలో సుద్దతో బడి ప్లాను గీయించండి. నలుగురేసి జట్టు. పది అడుగులకి ఒక జానెడు గీత అని లెక్క పెట్టుకోమనండి. నాలుగు జట్లు గీస్తే నాలుగు సైజుల బడి వస్తుంది, ఎందుకంటే మూడో తరగతి పిల్ల అడుగూ ఐదో తరగతి గుంటడి అడుగూ ఒకటి కాదు. వెంటనే సరిదిద్దకండి, కాసేపు వాదించుకోనివ్వండి. మీటరు టేపు ఎందుకు కావాలో వాళ్ళే అడుగుతారు. ఈ ప్లాన్లని పాత క్యాలెండర్ల వెనక వైపు ఎక్కించి దాచండి. తర్వాత కావాలి.

ముందు రోజు రాత్రి పని

ఏ యాప్ వాడాలన్నది పెద్ద సమస్య కాదు. ఊరు, దారి, దూరం చూపించడానికి గూగుల్ మ్యాప్స్. పైనుంచి కొండలు, ఏర్లు, గుండ్రటి భూమి చూపించడానికి గూగుల్ ఎర్త్. మనమే గీసి చేర్చడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. ఇస్రో వాళ్ళ మ్యాప్ సైట్ భువన్ 2009 నుంచి ఉంది, ఎన్‌సీఈఆర్‌టీతో కలిసి చేసిన స్కూల్ భువన్ అనే పోర్టల్ కూడా ఉంది, కానీ అందులో పాఠాలు పై తరగతులకి తగినవి. మీరు చదువుకుంటే మీకు పనికొస్తుంది.

గూగుల్ మ్యాప్స్ సెట్టింగ్స్‌లో యాప్ భాషని తెలుగుకి మార్చుకోండి. మెనూలు తెలుగులో వస్తే ఐదో తరగతి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చదువుకుంటారు.

మా దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అందుకని మండలం మొత్తాన్ని ఆఫ్‌లైన్ మ్యాప్‌గా డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటాను. ఒక చిక్కేమిటంటే ఆఫ్‌లైన్‌లో దారులూ పేర్లే వస్తాయి, ఉపగ్రహ చిత్రం రాదు. దానికి మందు స్క్రీన్‌షాట్లు. బడి, ఊరు, చెరువు, ఏరు, సముద్రం, మండలం, జిల్లా, రాష్ట్రం, దేశం, భూమి: ఇలా దగ్గర నుంచి దూరానికి ఒక వరసలో పది స్క్రీన్‌షాట్లు తీసి ఫోన్‌లో పెట్టుకోండి. నెట్ పోయినా పాఠం ఆగదు.

బడిలో స్మార్ట్ టీవీ ఉంటే మరీ మంచిది. వైఫై లేకపోతే ఇంకో టీచరు ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, టీవీనీ మీ ఫోన్నీ దానికే కలిపి స్క్రీన్‌ని టీవీ మీద వేయండి. ఇది బడి తెరవకముందే ఒకసారి చేసి చూసుకోవాలి. నేను ఒకసారి పిల్లలందరినీ కూర్చోబెట్టాక మొదలుపెట్టి, పీరియడ్ అంతా టీవీ రిమోట్ నొక్కుతూ గడిపాను. ఇంకో జాగ్రత్త: టీవీకి కలిపే ముందు వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఎందుకో చెప్పక్కర్లేదనుకుంటా.

బడి నుంచి మొదలుపెట్టండి

చాలామంది భూగోళాన్ని తిప్పి, భారతదేశం దగ్గరికి వచ్చి, అక్కణ్ణించి ఊళ్ళోకి దూకుతారు. చూడ్డానికి బాగుంటుంది, సినిమా మొదలైనట్టు ఉంటుంది. పిల్లలకి మాత్రం ఎక్కణ్ణించి ఎక్కడికి వచ్చామో అందదు. వెనక నుంచి రండి. మొదట తెర మీద బడి కప్పు ఒక్కటే కనిపించాలి. ఇది ఏమిటని మీరు చెప్పొద్దు.

కప్పు ఆకారం, ఎదురుగా ఉన్న రావిచెట్టు, రోడ్డు మలుపు చూసి ఎవరో ఒకరు "మన బడి!" అని అరుస్తారు. ఆ తర్వాత పదిహేను నిమిషాలు కేకలే. మా ఇల్లు, మా కల్లం, మా పెదనాన్న వాళ్ళ మేడ. ఆ పదిహేను నిమిషాలు పాఠంలో భాగం అనుకుని ఊరుకోండి. మొదటిసారి చూపించినప్పుడు మా పిల్లల్లో ముగ్గురు లేచి బయటికి పరుగెత్తారు. ఏమైందా అని చూస్తే వాకిట్లో నిలబడి ఆకాశానికి చేతులు ఊపుతున్నారు. తరగతిలో ఉన్నవాళ్ళేమో తెర మీద వాళ్ళ కోసం వెతుకుతున్నారు.

నవ్వి వదిలేయకుండా అక్కడే ఆగండి. ఈ బొమ్మ ఎప్పుడు తీసింది? ఎలా తెలుస్తుంది? కళ్ళు పొడుచుకుని చూడమనండి. మా వాళ్ళు కనిపెట్టినవి ఇవి: వంటషెడ్డు లేదు, అంటే షెడ్డు కట్టకముందు తీసింది. వరి మళ్ళు గోధుమరంగులో ఉన్నాయి, కల్లంలో కుప్పలు లేవు, అంటే నూర్పులు అయిపోయాయి, సంక్రాంతి దాటింది. ఒక పిల్ల "చెరువులో నీళ్ళు గట్టు దాకా లేవు, ఎండాకాలం దగ్గరికొచ్చింది" అంది. ఇంతకన్నా పెద్ద పాఠం నేను తయారుచేసి చెప్పలేను.

ఇక్కణ్ణించి రంగులు చదవడం నేర్పండి. ముదురు ఆకుపచ్చ చుక్కలు వరసగా ఉంటే కొబ్బరి తోట, ఒడ్డు వెంబడి దట్టంగా పట్టీలా ఉంటే సరుగుడు, గళ్ళు గళ్ళుగా నీళ్ళుండి మధ్యలో తెల్లటి గీతలు ఉంటే రొయ్యల చెరువులు, ఆ తెల్లగీతలు ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు) చిమ్మే నురగ. నౌపడ వైపు తీసుకెళ్తే ఉప్పుమడులు లెక్కల నోటుపుస్తకంలో గళ్ళలా కనిపిస్తాయి. ఈ విషయంలో పిల్లలే మనకన్నా ముందుంటారు. పొలం తెలిసిన పిల్లకి ఉపగ్రహ చిత్రం చదవడం కష్టం కాదు.

ఉత్తరం సీలింగ్ ఫ్యాన్ దగ్గర లేదు

"ఉత్తరం ఎటు?" అంటే మా నాలుగో తరగతి గుంటడు ఒకడు ఫ్యాన్ వైపు వేలు చూపించాడు. తప్పు వాడిది కాదు. గోడకి వేలాడే మ్యాప్‌లో ఉత్తరం పైనే ఉంటుంది, టీవీ తెర మీదా పైనే ఉంటుంది. కాబట్టి దిక్కులు నేర్పేటప్పుడు తెరని పక్కన పెట్టి, ఊరి చిత్రాన్ని పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి నేల మీద పరవండి. ప్రింట్ కుదరకపోతే ఫోన్నే నేల మీద పడుకోబెట్టండి.

ఇప్పుడు కాగితంలో ఉత్తరం నిజం ఉత్తరం వైపు తిరగాలి. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది గానీ ఇనప బెంచీల దగ్గర తిక్కగా తిరుగుతుంది. దానికన్నా వాకిట్లో ఒక కర్ర పాతండి. శీతాకాలంలో సుమారు మిట్టమధ్యాహ్నం ఆ కర్ర నీడ ఉత్తరానికి పడుతుంది. శ్రీకాకుళం భూమధ్యరేఖకి 18.3 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఒకటి మే నెల మధ్యలో, అప్పుడు బడికి సెలవులు. రెండోది జూలై నెలాఖరున, అప్పుడు బడి ఉంటుంది. మబ్బు పట్టకపోతే ఆ రోజు పన్నెండింటికి పిల్లలని వాకిట్లో నిలబెట్టండి. నీడ కాళ్ళ కిందకే దూరిపోతుంది. "నా నీడేది మాస్టారూ?" అని వెతుక్కుంటారు.

కాగితం సరిగ్గా తిప్పాక ఒకరిని దాని మధ్యలో, బడి ఉన్న చోట నిలబెట్టి, "చెరువు ఎటు?" అని అడగండి. చెయ్యి చూపించిన వైపే నిజంగా చెరువు ఉంటుంది. ఆ క్షణం కోసమే ఈ తంటా అంతా.

మన తీరపు బడులకి ఇంకో చిన్న తమాషా ఉంది. సముద్రం ఎటు అంటే పిల్లలూ పెద్దలూ ముక్తకంఠంతో తూర్పు అంటారు. మ్యాప్ చూస్తే మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. అంటే సముద్రం మనకి ఆగ్నేయంలో ఉంది. ఇది చెప్పిన రోజు ఒక పిల్ల ఇంటికెళ్ళి తాతతో తగువు పెట్టుకుంది. మర్నాడు తాత బడికొచ్చాడు. ఇద్దరం కలిసి ఫోన్ చూశాం. "అవును గానీ, వేటకెళ్ళేవాళ్ళం తూర్పనే అంటాం" అన్నాడు. రెండూ రాసుకున్నాం.

దూరం

గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోట వేలితో నొక్కి పట్టుకుంటే గుర్తు పడుతుంది. దాని కింద వచ్చే మెనూలో దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. మొదట బడి గోడ ఈ చివర నుంచి ఆ చివరకి కొలవండి. దాచిన క్యాలెండర్ ప్లాన్లు ఇప్పుడు తీయండి. ఏ జట్టు ప్లాను తెరకి దగ్గరగా ఉందో పోల్చుకుంటారు. తప్పిన జట్టు ఊరికే ఒప్పుకోదు, టేపు అడుగుతుంది. ఇవ్వండి.

తర్వాత ఏరు దాటించండి. మా ఊరి గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డున ఊరు కనిపిస్తుంది. మా తరగతిలో ఒక పిల్ల అక్కని ఆ ఊరికే ఇచ్చారు. గీత గీసి కొలిస్తే దూరం కిలోమీటరు పైచిలుకు. అదే రోడ్డు దారి అడిగితే, వంతెన దాకా వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి కాబట్టి, దానికి ఎన్నో రెట్లు వచ్చింది. "అందుకే అక్క పండక్కి గానీ రాదు" అంది ఆ పిల్ల. వంతెన అంటే ఏమిటో, ఎందుకు కడతారో పుస్తకంలో ఉన్న పేరా ఇక చదవక్కర్లేకపోయింది.

ఏటిని వెనక్కి పట్టుకెళ్ళండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. రెండు పీరియడ్లు పడుతుంది, తొందరపడకండి.

నీళ్ళు ఎటు పారతాయని అడిగితే పిల్లలు మ్యాప్ చూసి "పైనుంచి కిందికి" అంటారు. మన జిల్లాలో వంశధార, నాగావళి రెండూ మ్యాప్ మీద పై వైపు నుంచి దిగుతూ వస్తాయి కాబట్టి జవాబు సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. కారణం మాత్రం తప్పు. ఇది ఇప్పుడే పట్టుకోకపోతే పెద్దయ్యాక కూడా ఉత్తరం ఎత్తు, దక్షిణం పల్లం అనే ఊహ ఉండిపోతుంది.

గూగుల్ ఎర్త్‌ని కంప్యూటర్లో గానీ ల్యాప్‌టాప్‌లో గానీ తెరిస్తే, మౌస్ పెట్టిన చోటు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో తెర అడుగున అంకె కనిపిస్తుంది. కళింగపట్నం దగ్గర ఏరు కలిసే చోట మొదలుపెట్టండి. అంకె సున్నాకి అటూ ఇటూ ఉంటుంది. ఒకరు మౌస్ పట్టుకుని ఏటి వెంబడే వెనక్కి నడవాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు బోర్డు మీద రాయాలి. శాలిహుండం కొండ దాటి, జాతీయ రహదారి వంతెన కింద నుంచి, శ్రీముఖలింగం గుడి పక్కగా, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాకా. అక్కడ ఆగి, ఏటికి అడ్డంగా ఉన్న గీత ఏమిటో అడగండి. ఎడమకీ కుడికీ విడిపోయే కాలవల్ని చూపించండి. వాటిలో ఒకదాని నీళ్ళు వాళ్ళ మడిలోకే వస్తుండొచ్చు.

అక్కణ్ణించి ఇంకా పైకి పోతే ఒడిశా వస్తుంది. తెర మీద సన్నగీత దాటతారు. "నేల మీద కూడా గీత ఉంటదేటి?" అని మా దగ్గర తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. ఉండదు, ఏటికి ఆ సంగతే తెలియదు. గుణుపురం దాటి, కొండల్లోకి, కలహండి జిల్లా దాకా వెళ్ళండి. బోర్డు మీద అంకెలు వందలు దాటిపోతాయి. ఒక్కొక్క చోట అంకె తగ్గి మళ్ళీ పెరుగుతుంది, మౌస్ ఏటి మీద నుంచి గట్టు మీదికి జారిందన్నమాట. అదీ పిల్లలే పట్టుకుంటారు. నాగావళి కూడా అదే కలహండి కొండల్లో పుడుతుందని చూపిస్తే, "అక్కడ పక్కపక్కనే పుట్టి ఇక్కడికి ఇంతదూరంగా వచ్చాయేటి!" అని ఆశ్చర్యపోయారు.

చివర్లో నైలు నది చూపించండి. అది మ్యాప్ మీద కింద నుంచి పైకి పారుతుంది. పిల్లలు ఒప్పుకోరు. మౌస్ ఇచ్చి ఎత్తులు చదివించండి.

ల్యాప్‌టాప్ లేదా? ఇసుక చాలు. వాకిట్లో తడి ఇసుకతో కొండ చేసి, ప్రింట్ తీసిన మ్యాప్‌ని పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు పోయించండి. ఉత్తరం వైపు కొండ పెట్టి ఒకసారి, దక్షిణం వైపు పెట్టి ఒకసారి. వీలైతే ఈ పాఠం అయ్యాక ఒక ఆదివారం దగ్గర్లో ఉన్న కొండ ఎక్కించండి. మేం శాలిహుండం వెళ్ళాం. పైనుంచి వంశధార, అటు సముద్రం కనిపిస్తాయి, కాళ్ళ పక్కనే గుండ్రటి ఇటుక స్తూపాలు ఉంటాయి. "ఫోన్‌లో సున్నాల్లా కనిపించినవి ఇవేనా?" అని ఒకడు అడిగాడు. మొదటి రోజు గ్లాసు బొమ్మ వేసినవాడే.

దూరంగా ఉన్నవాళ్ళు

మన తీరం ఊళ్ళలో చాలామంది మగవాళ్ళు వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తారు. మెట్ట ఊళ్ళలో అయితే హైదరాబాద్, చెన్నై, ఇంకా ఎక్కడెక్కడికో. రాష్ట్రాల పేర్లు బట్టీ పట్టించే బదులు ఇక్కణ్ణించి మొదలుపెట్టొచ్చు. కానీ ఒక తప్పు నేను చేశాను, మీరు చేయకండి. మొదటిసారి "మీ నాన్న ఏ ఊళ్ళో ఉన్నాడు?" అని అడిగాను. ఒక పిల్ల తల దించేసుకుంది. ఆ తర్వాత నుంచి "మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉండే దూరపు ఊరు ఒకటి చెప్పండి" అంటున్నాను. పక్కింటివాళ్ళైనా సరే, టీవీలో చూసినవాళ్ళైనా సరే.

వేరావల్ దాకా గీత గీస్తే నేరుగానే 1,400 కిలోమీటర్లు దాటుతుంది. రైలు దారి ఇంకా ఎక్కువ. ఏయే రాష్ట్రాలు దాటాలో వేలితో నడుస్తూ చెప్పించండి. ఇంటి దగ్గర ఫోన్ వచ్చినప్పుడు "రాత్రి ఎక్కడ రైలు మారావు?" అని నాన్నని అడిగి రమ్మనండి. మర్నాడు ఆ స్టేషన్ వెతకడం మంచి హోంవర్క్.

మా దగ్గర ఒక గుంటడు అడిగిన ప్రశ్న నన్ను ఇరుకున పెట్టింది. "మనకీ సముద్రం ఉంది కదా మాస్టారూ, మరి నాన్న ఆ సముద్రానికి ఎందుకెళ్ళాడు?" గూగుల్ ఎర్త్‌లో సముద్రం అడుగు కూడా రంగుల్లో కనిపిస్తుంది. తక్కువ లోతు లేతనీలం, ఎక్కువ లోతు ముదురునీలం. గుజరాత్, ముంబై పక్కన లేతనీలం పట్టీ చాలా వెడల్పు. మన పక్కన అది సన్నంగా ఉంటుంది. లోతు తక్కువ ఉన్న చోట చేప ఎక్కువ. ఆ పైన అక్కడ పెద్ద బోట్లు నిలిచే రేవులున్నాయి. ఆ సగం జవాబు మ్యాప్ చెప్పింది, మిగతా సగం వాళ్ళ నాన్న ఫోన్‌లో చెప్పాడు. 2018 నవంబర్‌లో వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన వాళ్ళని పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరిలో వదిలిన సంగతి ఊళ్ళో పిల్లలకీ తెలుసు. నేల మీద కనిపించని గీత నీళ్ళ మీద కూడా ఉంటుందా అన్న ప్రశ్న అప్పుడు మళ్ళీ వస్తుంది.

వేటకెళ్ళే పెద్దలెవరైనా ఊళ్ళో ఉంటే ఒక పూట బడికి పిలవండి. బోటులో జీపీఎస్ ఎలా వాడతారో, లోతుని బారల్లో ఎలా చెబుతారో చెప్పించండి. మెట్ట ఊళ్ళయితే గ్రామ సర్వేయరుని పిలవండి. సర్వే రాయి ఎందుకు పాతతారో ఆయన చెబితే పిల్లలు వింటారు.

ఐదో తరగతికి ఇంకో చిన్న సంగతి. ఫోన్‌లో బల్లపరుపు మ్యాప్‌ని పూర్తిగా వెనక్కి లాగితే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. బత్తాయి తొక్కని బల్ల మీద పరవమని ఒకసారి ఇచ్చి చూడండి, ఎందుకలా అవుతుందో అర్థమవుతుంది.

పాత చిత్రాలు

గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు చూసే సౌకర్యం ఉంది. ఏ ఊరికి ఏ తేదీల చిత్రాలున్నాయో ముందే చూసుకోండి, కొన్నిట మబ్బులే ఉంటాయి. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ ఏటేటా ఎలా జరుగుతోందో చూపిస్తే పిల్లలు నోళ్ళు తెరుస్తారు. ఉద్దానం వైపు బడులవాళ్ళు 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకి ముందూ తర్వాతా తోటలు ఎలా ఉన్నాయో పోల్చొచ్చు.

హిరమండలం రిజర్వాయర్ దగ్గర మాత్రం జాగ్రత్త. వెనక్కి వెళ్తే ఇళ్ళు, వీధులు, గుడి, ముందుకి వస్తే నీళ్ళు. మీ తరగతిలో ఆ మునిగిన ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలుండొచ్చు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించి, వాళ్ళు సరేనంటే చూపించండి. నేను ఒక ముసలామెకి చూపించాను. ఆమె తెర మీద వేలు పెట్టి వీధి వీధీ పేర్లు చెబుతూ పోయింది. నేను రాసుకుంటూ కూర్చున్నాను.

మన గెడ్డని మ్యాప్‌లో పెట్టడం

ఒక యాప్‌లో చాలాకాలం మా బడి పేరు పక్క ఊరి చెరువు మధ్యలో ఉండేది. నాకు ఒళ్ళు మండేది గానీ పిల్లలకి అది పండగ. "మ్యాప్ కూడా తప్పు రాస్తాదేటి?" రాస్తుంది, మనం దిద్దొచ్చు.

దీనికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మంచిది. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ని ప్రపంచంలో ఎవరైనా దిద్దొచ్చు, ఉచితం. అకౌంట్ మీ పేరుతో మీరే తెరవండి, పిల్లల చేత తెరిపించొద్దు. పని ఇలా సాగుతుంది. ఊళ్ళో ఒక వీధి నుంచి గోర్జి (సందు) దాకా జట్లుగా పంచండి. ప్రతి జట్టు ఒక కాగితం తీసుకెళ్ళి తమ వాటాలో ఉన్నవి గుర్తు పెట్టుకు రావాలి: బోరింగ్, నుయ్యి, రామమందిరం, రేషన్ షాపు, కాలవ మదుము (తూము), గెడ్డ (వాగు) మీద కల్వర్టు. పేర్లు పెద్దవాళ్ళని అడిగి రావాలి. ఇదే అసలు పని. మా ఊరి పక్కన పారే గెడ్డకి ఏ మ్యాప్‌లోనూ పేరు లేదు. పిల్లలు అడిగితే ఊళ్ళో రెండు పేర్లు వచ్చాయి, వీధినిబట్టి. ఎవరు ఏది అంటారో రాసుకొచ్చి, తరగతిలో చేతులెత్తి తేల్చుకున్నారు. రెండోది ఇంకో పేరుగా చేర్చే వీలుంది, అదీ పెట్టాం.

తర్వాత మీరు కంప్యూటర్లో ఎడిటర్ తెరిచి, పిల్లలు చెబుతుంటే పెట్టండి. చుక్క, గీత, గడి అని మూడే రకాలు: బోరింగ్ చుక్క, గెడ్డ గీత, చెరువు గడి. పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఇక్కడ ఎక్కించకూడదు, అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నియమం. కళ్ళతో చూసిందీ, అడిగి తెలుసుకుందే పెట్టాలి. బడి పిల్లలకి ఇంతకన్నా మంచి నియమం ఏముంది. ఎవరి ఇల్లు ఏదో, ఎవరి పిల్ల ఎక్కడుంటుందో మాత్రం పెట్టొద్దు. పిల్లల పేర్లతో ఉన్న కాగితాలు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

మేం సాయంత్రం సేవ్ చేస్తే మర్నాటికి మా గెడ్డ పేరు మ్యాప్ మీద ఉంది. టీవీ మీద పెద్దది చేసి చూపించాను. బోరింగ్ పెట్టిన జట్టువాడు ముందుకొచ్చి తెరకి ముక్కు ఆనించి చూశాడు. "మాస్టారూ, ఆ బోరింగ్ పిడి విరిగిపోయి నెల్లాళ్ళయింది కదా. మ్యాప్‌లో కూడా పాడైనట్టు రాయాలా?" అన్నాడు.

రాయొచ్చు. దానికీ ఒక ట్యాగ్ ఉంది. వెతికి పెట్టాం.